జాలి మార్కు

స్టాంపులమ్మకి డెబ్భై ఎనిమిదేళ్లు. రబ్బరు ముక్క మీద బ్లేడుతో అక్షరాలు చెక్కి ఆఫీసు ముద్రలు తయారుచేయడం ఆమె పని. మెట్ల కింద, రెండు కుర్చీలు వేస్తే మూడోది పట్టని దుకాణం. కంప్యూటరు మీద పది నిమిషాల్లో ముద్ర చేసిచ్చే షాపులు పక్క వీధిలో నాలుగున్నాయి. అయినా అరిగిపోయిన పాత సీలు బాగుచేయించుకోవాలన్నా, పేరులో ఒత్తు పోకూడదన్నా జనం ఈమె దగ్గరికే వస్తారు.

కూతురు బళ్లో లెక్కల టీచరు. ఈ మధ్య తల్లి రెండుసార్లు పొయ్యి ఆర్పడం మరిచిపోయింది. అల్లుణ్ణి, చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచింది. అల్లుడు పలికాడు కూడా, అంత మంచివాడు. కూతురు మాత్రం పట్టుపట్టింది. జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకోవాలి, పాస్ మార్కు రాకపోతే దుకాణం తాళంచెవి తన చేతికిచ్చేయాలి. స్టాంపులమ్మ సరేనంది. తప్పుతానేమోనన్న అనుమానం ఆమెకి ఏ కోశానా లేదు.

ఆస్పత్రి వరండాలో ఒక కరపత్రం ఇచ్చారు. చిన్నప్పుడు చాలీచాలని తిండి, ఇరుకు గది, మధ్యలో ఆగిన చదువు ఉన్నవాళ్లకి ముసలితనంలో ఒళ్లూ మెదడూ రెండూ తొందరగా మొరాయిస్తాయని దాని సారాంశం. ఆమె ఆసాంతం చదివి కూతురికి అందిస్తూ, "నా గురించే రాశారు. పేరొక్కటే వేయలేదు" అంది.

నిజమే. ఒకే గదిలో ఏడుగురు. కిటికీ కింద తండ్రి బల్ల. రెండో తరగతి అయ్యాక తల్లి మంచాన పడితే, చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఈమెని బడి మాన్పించారు. వాణ్ణి ఒళ్లో వేసుకుని తండ్రికి ఎదురుగా కూర్చునేది. ఆయన తిరగేసి చెక్కే అక్షరం ఈమెకి తలకిందులుగా కనబడేది. కాగితం మీద అద్దితే ఇంకో రకంగా కనబడేది. తమ్ముడు ఏడిస్తే వాణ్ణి భుజానేసుకుని తండ్రి వెనక తచ్చాడేది, అప్పుడు మరో రెండు రకాలు. బళ్లో పిల్లలకి అక్షరం ఒక్క వైపు నుంచే తెలుస్తుంది, ఈమెకి నాలుగు వైపుల నుంచీ తెలిసింది. తొమ్మిదో ఏట, తండ్రి చెక్కిన ముద్రలో సున్నా ఎగిరిపోయిందని వేలు పెట్టి చూపించింది. ఆయన మర్నాడు ఒక బ్లేడు తెచ్చి ఈమె ముందు పెట్టాడట.

కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ఇక్కడ చప్పట్లు కొట్టకుండా ఉంటే మంచిది. ఆ గది ఆమెకి అక్షరాలొక్కటే ఇవ్వలేదు. పదకొండో ఏటే ఆగిపోయిన ఎత్తు, యాభైకే వంగిన నడుము, నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు కూసే ఛాతీ కూడా ఇచ్చింది. అన్నం సరిగ్గా పెట్టి ఉంటే ఇప్పుడు కుర్చీలో కూర్చున్నప్పుడు కాళ్లు నేలకానేవని ఆమే అంటుంది.

పరీక్ష ముప్ఫై మార్కులకి. ఇరవై నాలుగొస్తే పాసు. డాక్టరు కొత్తగా వచ్చిన అమ్మాయి. "అమ్మమ్మగారూ, ఇవాళ ఏ వారమండీ?" అని మొదలుపెట్టింది. అయిదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. వందలోంచి ఏడు చొప్పున తీసేసుకుంటూ పొమ్మంది. చివరికి ఒక గడియారం గీసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంది. స్టాంపులమ్మ చకచకా గీసి ఇచ్చింది. డాక్టరు చూసి, పక్కన దానికున్న మూడు మార్కులకీ మూడు సున్నాలు చుట్టింది. కూతురు మెడ సాచి చూసింది. ఒకటి పన్నెండుకి ఎడం పక్కన ఉంది, పదకొండు కుడి పక్కన ఉంది. అంకెలు కూడా వెనక్కి తిరిగి ఉన్నాయి. లెక్కల టీచరు కళ్లు దించుకుంది.

కూడితే ఇరవై మూడు. డాక్టరు ఫారం పైభాగంలో చదువు దగ్గర "రెండో తరగతి" అని ఉండటం చూసింది. మొహం విప్పారింది. ఒకటి కలిపి ఇరవై నాలుగు చేసింది. కూతురు ఊపిరి పీల్చుకుంది. అక్కడితో లేచి ఇంటికి వచ్చేస్తే తాళంచెవి తల్లి దగ్గరే ఉండిపోయేది.

"ఆ ఒకటి ఎక్కడిది?" అంది స్టాంపులమ్మ.

"మీరు చిన్నప్పుడు పెద్దగా చదువుకోలేదు కదండీ. అలాంటివాళ్లకి ఒకటి కలుపుతాం."

"జాలి మార్కన్నమాట. కొట్టెయ్యమ్మా."

"అమ్మా, ఊరుకోవే. కొట్టేస్తే తప్పినట్టే."

"తప్పితే తాళంచెవి నీకిస్తా, మాట మాటే. మా నాన్న ఎదురుగా పధ్నాలుగేళ్లు కూర్చున్నాను. అది చదువు కాదని ఈ కాగితం ఎవరే చెప్పడానికి?"

ఇది తను పెట్టిన నియమం కాదని డాక్టరు నచ్చజెప్పబోయింది. స్టాంపులమ్మ వినిపించుకోకుండా, పోయిన మార్కులు ఎక్కడెక్కడ పోయాయో చూపించమంది. నాలుగింటికి పేచీ పెట్టలేదు. రెండు మాటలు నిజంగానే గుర్తు రాలేదు, తీసివేతలు రెండు చోట్ల తప్పాయి. గడియారం దగ్గర ఆగింది.

కాగితం తీసుకుని, నడుము పట్టుకుని లేచి, కిటికీ దాకా వెళ్లింది. బొమ్మ ఉన్న వైపు అద్దానికి ఆనించింది. ఎండకి కాగితం వెనక నుంచి గడియారం కనబడింది. పన్నెండు అంకెలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. పెద్ద ముల్లు రెండు మీద, చిన్న ముల్లు పదకొండు దాటి వెంట్రుకవాసి.

"గీయడమంటే నాకు చెక్కడానికి గీయడమేనమ్మా. ఊరికే చూసుకోవడానికైతే ముందే చెప్పాల్సింది."

డాక్టరు ఇంకో కాగితం ఇచ్చి, చూసుకోవడానికే గీయమంది. గీసింది, పరాయి భాష రాస్తున్నట్టు కాస్త నెమ్మదిగా. డాక్టరు మూడు సున్నాలూ కొట్టేసి మూడు వేసింది. ఇరవై ఆరు. అదనపు మార్కు గడిలో "వద్దన్నారు" అని రాసి, కింద సంతకం చేసి ముద్ర వేసింది.

స్టాంపులమ్మ ఆ రిపోర్టుని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. తన మార్కులు చూడలేదు, ముద్ర చూసింది. "వైద్యురాలు"లో ఒత్తు అరిగిపోయి "వైదురాలు" అని పడుతోంది. ఎన్ని రిపోర్టుల మీద అలా పడిందో, ఎంతమంది చదువుకున్నవాళ్లు చూసీ చూడకుండా వదిలేశారో.

"తొమ్మిదికి దుకాణం తీస్తాను, ఆ ముద్ర పట్రా" అంది డాక్టరుతో.

బళ్లో ఎవరికి నూటికి నూరొచ్చినా ఆ కూతురు అంత గొప్పగా చెప్పదు. "మా అమ్మకి ఇరవై ఆరు, సొంతంగా" అంటుంది. తాళంచెవి తల్లి కొంగున ముడేసే ఉంది. పొయ్యి సంగతి మాత్రం ఇప్పుడు అల్లుడు చూసుకుంటున్నాడు, ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుకి పలుకుతూ.