గీత దాటి తిరిగొచ్చిన పిల్ల

మొన్న పొద్దున టీవీలో, వచ్చే నెల పరదేశంలో మన ఆడపిల్లల రగ్బీ జట్టు ఆడబోయే పోటీల గురించి టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన తొలి రౌండు దాటితే అదే పదివేలని తేల్చేస్తుంటే, పేపరు కోసం వచ్చిన మా పక్కింటి రిటైర్డు బ్యాంకు మేనేజరుగారు, క్రికెట్ తప్ప మరో ఆట ఎరగకపోయినా, అవునవునని తల ఊపుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ జట్టులో ఒక పిల్ల నా శిష్యురాలి కూతురు మరి. ఆ పూట ఆయన కాఫీలో చక్కెర వేయలేదు.

మణుగూరు అవతల అడవి మధ్య ఆశ్రమ పాఠశాలలో నేను ఆటల టీచరుగా ఉన్న రోజుల్లో, ఎవరి పుణ్యమో గాని, ఆటసామాన్ల పెట్టెలో సగం పండిన బొప్పాయిలాంటి బంతి ఒకటి వచ్చింది. ఫుట్‌బాల్ సొట్టపోయిందనుకుని, గుండ్రంగా చేద్దామని మా పిల్లలు వంతులవారీగా దానిమీద కూర్చున్నారు. తరువాత జిల్లా అధికారులు నన్ను ఒక పూట రగ్బీ శిక్షణకు పిలిచి, బంతిని చేత్తో ముందుకు విసరకూడదని, అవతలి గీత దాటించి నేలకు ఆనించాలని చెప్పి పంపేశారు. వాళ్ళంతా కబడ్డీలో ఆరితేరిన పిల్లలు కనుక మనిషిని పట్టడం నేర్పనక్కర్లేకపోయింది గాని, బంతి చేతికి రాగానే కూత పెట్టే అలవాటు మాన్పించడం నా వల్ల కాలేదు.

ఖమ్మంలో జిల్లా పోటీ. గెలిస్తే హైదరాబాదు తీసుకుపోతారు. రైలెక్కని ఆ పిల్లలకు ప్రాణమంతా ఆ ప్రయాణం మీదే. చివరి నిమిషం, ఇరువైపులా సమానం. నా శిష్యురాలు బంతిని చంకన పెట్టుకుని, ఒకే ఊపిరిలో కబడ్డీ కబడ్డీ అంటూ, అవతలి జట్టునంతా విదిలించుకుని గీత దాటింది. నేను కొంగు బిగించి గంతేశాను. అది గీత అవతల కాలు మోపి, గిరుక్కున తిరిగి, అంతమందినీ మళ్ళీ తప్పించుకుంటూ మా గీత దగ్గరికే పరుగెత్తుకొచ్చి, బంతి వదిలేసి రెండు చేతులూ ఎత్తింది. మా వాళ్ళు దాన్ని భుజాలకెత్తుకున్నారు. ఈలోపు అవతలి పిల్ల ఒకతి ఆ బంతిని తీసుకుని, తాపీగా నడిచివెళ్ళి మా గీత వెనక నేలకు ఆనించింది.

"ఏంది మేడం, పోయి పానంతోటి తిరిగొచ్చినంక గూడ పాయింటు ఇయ్యరా? గిదేం ఆట?" అని మణుగూరు దాకా బస్సులో అది ఏడుస్తూనే ఉంది. నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క దుఃఖం.

మొన్న సాయంత్రం అదే ఫోన్ చేసింది. "టీవీల గట్ల అంటున్నరు, గెలుస్తరా మేడం?" అంది. నాకూ భయంగానే ఉంది, అయినా తప్పకుండా గెలుస్తారన్నాను. "గీత దాటంగనే బంతి నేలకు ఆనియ్యి, ఎనకకు చూడకు అని బిడ్డకు రోజూ చెప్తున్న," అని, గొంతు తగ్గించి, "ఆట అయినంక జల్దీ ఇంటికి రమ్మని గూడ చెప్పిన మేడం," అంది.

ఇప్పటి పిల్లలకు కూత లేదు. నోరు మూసుకుని, ఊపిరి పొదుపుగా వాడుకుంటూ పరుగెత్తడం కోచ్‌లు నేర్పుతున్నారట, మంచిదే. మన కాలంలో ఎంత దూరం పోయినా మన గీతలోకి తిరిగొస్తేనే గెలిచినట్టు. పక్కింటాయన ఏమనుకున్నా సరే, ఆ పిల్ల బంతి పట్టుకుని కదిలిన క్షణం నుంచి, అక్కడ అడవిలో దాని తల్లి, ఇక్కడ టీవీ ముందు నేను, అది తిరిగొచ్చేదాకా కూత ఆపం.