అంటించకూడని చెక్క

ఆయన్ని అందరూ జిగురు మేస్త్రి అంటారు. ముప్ఫయ్యేళ్ళుగా గిటార్లు బాగుచేస్తున్నాడు. గిటారుకి ఏ జబ్బు చేసినా ఆయన చెప్పే రోగం ఒకటే: ఎక్కడో ఊడింది. మందూ ఒకటే, జిగురు. ఆ జిగురు ఆయనే కాచుకుంటాడు. అందులో ఏం వేస్తాడో భార్యకు కూడా చెప్పడు. ఆవిడా అడగలేదు, వాసన చాలునంది.

కొట్టు ఎంత ఇరుకంటే, రెండో మనిషి లోపలికి రావాలంటే మొదటి మనిషి బయటికి వెళ్ళాలి. ఒకనాటి మధ్యాహ్నం అలా లోపలికి వచ్చిన మనిషి టీచరమ్మ. బడిలో నలభయ్యేళ్ళు సంగీతం చెప్పి రిటైరైన మనిషి. ఆదివారాలు ఇప్పటికీ అక్కడే పిల్లలకు ఊరికే పాఠం చెబుతుంది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

అందులో ఆవిడ తండ్రి గిటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసినది. ఆ రకం చేసినవే కొన్ని, మిగిలినవి ఇంకా తక్కువ. పొట్ట పలకలా చదునుగా కాక, వయొలిన్‌కి ఉన్నట్టు ఉబ్బెత్తుగా చెక్కి ఉంది. నడుమ గుండ్రటి రంధ్రం లేదు, అటూ ఇటూ రెండు వంకర చీలికలున్నాయి.

"తీగలు మార్చండి చాలు. ఇంకేమీ ముట్టుకోవద్దు," అంది టీచరమ్మ.

"నా చేతిలో పెట్టాక మీరు గుండెల మీద చెయ్యేసుకుని పడుకోండమ్మా."

ఇలాంటి గిటారు ఆయన జన్మలో చూడలేదు. అయితే "నాకు తెలీదు" అనే మాట ఆ కొట్టులో అంతవరకూ ఎవరూ పలికి ఉండలేదు, ఆ రికార్డు చెడగొట్టడం ఆయనకిష్టం లేదు. ఆరు తీగలూ ఒక్కసారే వదులు చేశాడు. తీగల్ని పొట్ట మీద ఎత్తిపట్టి ఉంచే బ్రిడ్జి చెక్క జారి ఆయన ఒళ్ళో పడింది.

మేస్త్రి గుండె జారింది. మరుక్షణం కుదుటపడింది. హమ్మయ్య, ఊడింది! తనకు తెలిసిన జబ్బే. పాత జిగురు ఆనవాలు కోసం వెతికితే వీసమెత్తు కూడా దొరకలేదు. ఇంకొకడైతే అక్కడ ఆగేవాడు. మేస్త్రి మాత్రం, ఆనాటివాడి జిగురు ఇన్నేళ్ళకు గాలిలో కలిసిపోయిందని తీర్పు చెప్పాడు. పట్టు దొరకడానికి పాత వార్నీషును కాస్త గీకి, తన జిగురు దట్టంగా పట్టించి, బిగించాడు.

"బ్రిడ్జి ఊడిపోయి ఉందమ్మా. అంటించాను. ఇక మూడు తరాలు కదలదు," అన్నాడు మర్నాడు. ఆవిడ రెండు చేతులూ జోడించింది.

వారం తిరక్కుండా ఒక వయొలిన్ ఆయన తీగలు మార్పించుకోడానికి వచ్చాడు. మేస్త్రి అన్ని బిరడాలూ తిప్పేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కోటే తీయండి మేస్త్రీ. బ్రిడ్జి పడిపోతుంది."

"అంటించి లేదా?"

"బ్రిడ్జికి జిగురేంటండీ. తీగల బిగువుకే నిలబడుతుంది. వెంట్రుక వాసి జరిపితే శ్రుతి మారుతుంది, అందుకే జరుపుకునేట్టు ఉంచుతారు. దాన్ని అంటించే మహానుభావుడెవడైనా ఉంటే చెప్పండి, ఒకసారి చూసొస్తాను."

మహానుభావుడు తల వంచుకున్నాడు. "పొట్ట ఉబ్బెత్తుగా ఉండే పాత గిటార్లకో?"

"వాటికీ అంతే. ఏం?"

"ఊరికే."

రేపే వెళ్ళి టీచరమ్మకు చెప్పేద్దామనుకున్నాడు. రేపు వాన పడింది. ఎల్లుండి మోకాలు నొప్పి. ఆపైన ఎండ. ఒక మనిషి నిజం చెప్పకుండా ఆపడానికి ప్రకృతి అంతా ఏకమైతే ఎలా ఉంటుందో ఆ రెండు నెలలూ అలా గడిచాయి.

ఆఖరికి ఆవిడే వచ్చింది, ఒట్టి చేతులతో.

"మీ పనికి వంక పెట్టడం లేదు మేస్త్రి గారూ. గిటారు మెడ మీద కింది మెట్లలో బాగానే పలుకుతోంది. పైకి పోయేకొద్దీ స్వరం పక్కకి తొలగినట్టుంటోంది. గిటారా, నా చెవులా అని తేల్చుకోలేకపోతున్నాను."

చెప్పడానికి అంతకన్న మంచి సమయం ఉండదు. మేస్త్రి నోరు తెరిచాడు. అందులోంచి వచ్చిన మాట ఇది:

"వయసు మీదపడ్డాక అంతేనమ్మా."

"ఈ చెవులు చూసుకునే పిల్లల్ని తిట్టేదాన్ని," అని చిన్నగా నవ్వింది. "అయితే ఆదివారం పాఠాలు మానేస్తాను. తప్పు వినబడనిదాన్ని, ఏం దిద్దుతాను."

ఆ పూట మేస్త్రి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"ఏం, జిగురు గానీ మింగారా?" అంది భార్య.

చెప్పాడు. ఆవిడ మధ్యలో ఒక్క మాటా మాట్లాడకుండా అంతా వింది. అది మంచి సూచన కాదు.

"చెక్క అంటించారు, తెలీక చేశారు, సరే. ఆవిడ చెవులెందుకు కోశారు?"

మర్నాడు పొద్దున్నే పల్చటి చాకు, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు, దూది పట్టుకుని మూడంతస్తులు ఎక్కాడు. టీచరమ్మ కుర్చీ చూపించింది. కూర్చోలేదు. బ్రిడ్జి సంగతి నిలబడే చెప్పాడు.

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

దారి పొడుగునా ఈ ఒక్క ప్రశ్న రాకూడదని కోరుకుంటూ వచ్చాడు.

"రెండు నెలలైందమ్మా."

"అంటే నేను కొట్టుకి వచ్చినరోజున తెలుసు."

"తెలుసు."

ఆవిడ భోజనాల బల్ల మీద దుప్పటి మడిచి పరిచి, గిటారు పెట్టింది. "నా కళ్ళముందే తీయండి."

గంటన్నర పట్టింది. తన జిగురు గొప్పతనం మేస్త్రికి అంత విపులంగా ఎప్పుడూ తెలిసిరాలేదు. చివరికి చెక్క ఊడింది, కూడా ఒక పెచ్చు వార్నీషు ఊడింది. దోక్కుపోయిన మోకాలులా తెల్లటి చెక్క బయటపడింది. ఆయన దానివంక చూడలేక, బ్రిడ్జిని జిగురు లేకుండా నిలబెట్టి, తీగలు బిగించి పక్కకి జరిగాడు.

టీచరమ్మ బ్రిడ్జిని వేలితో కొంచెం నెట్టింది. ఒట్టి తీగ మీటి, పన్నెండో మెట్టు మీద నొక్కి మీటి, రెండూ కలుస్తున్నాయో లేదో విని, మళ్ళీ నెట్టింది. మేస్త్రికి మూడుసార్లూ ఒకేలా వినిపించింది. నాలుగోసారి ఆవిడ చెయ్యి ఆగింది.

"ఇక్కడ," అంది. కళ్ళు తుడుచుకుంది.

"ఆ మచ్చ..." అన్నాడు మేస్త్రి.

"మచ్చ నాన్న గిటారుకి పడింది. దాని సంగతి నేను చూసుకుంటాను. పాఠాలు మానేస్తానని నిన్ననే బడికి కబురు పెట్టాను, నాకు చెవుడని బడంతా అనుకుంటోంది. అది మీరు చూసుకోండి."

హెడ్మాస్టరమ్మ గదిలో కుర్చీ పిల్లల కొలతకి చేసినట్టుంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా ఆయన కాగితం మీద రాశాడు: "టీచరు గారి చెవులలో ఏ లోపమూ లేదు. లోపం గిటారుది."

హెడ్మాస్టరమ్మ చదివి వెనక్కిచ్చింది. "గిటారు తనంతట తాను పాడయిందా?"

"లోపం నాది" అని దిద్దాడు. తెలియక బ్రిడ్జి అంటించానని రాశాడు. కలం ఆగింది. ఆవిడ తొందరపెట్టలేదు, అదే ఇబ్బందిగా ఉంది. చివరికి, తెలిసిన తర్వాత కూడా ఆవిడ చెవులదే తప్పన్నానని, ఆ ఒక్క వాక్యం రాసేసరికి చొక్కా తడిసింది.

"ఏం చెయ్యమంటారు దీన్ని?"

బయట నోటీసు బోర్డు మీద, వినికిడి తగ్గినందున సంగీతం టీచరు ఆదివారం పాఠాలు మానుకున్నారన్న కాగితం నాలుగు గుండుసూదులతో వేలాడుతోంది. లోపలికి వచ్చేటప్పుడు మేస్త్రి దాన్ని చూడనట్టు నటించాడు.

"అది తీసేసి, దాని చోట ఇది పెట్టండి," అన్నాడు. "పిల్లలకి అందేటంత కిందికి."