సంత రోజు తీసిన ఫొటోలు

మావయ్యకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, రాయగడలో ఆయన హోల్‌సేల్ వ్యాపారం చూసుకోడానికి నేను విశాఖపట్నం నుంచి వచ్చాను. సబ్బులు, బిస్కట్లు, నూనె ప్యాకెట్లు చుట్టుపక్కల ఊళ్ళ దుకాణాలకి వేస్తాం. గుడారి ఒక లైను, కొల్నార ఒక లైను, కోరాపుట్ జిల్లాలో దసమంతపూర్ ఒక లైను. లైనుకొక సేల్స్‌మాన్. ఆర్డర్లు రాసుకొచ్చేదీ, వ్యాన్లో వెళ్ళి సరుకు దింపించేదీ అతనే.

మావయ్య రోజూ పొద్దున్న అందరినీ గోడౌన్ ముందు కూర్చోబెట్టి టీ ఇప్పించి, "ఏటి సంగతి?" అని అడిగేవాడట. అరగంట దానికే పోయేది. నేను వచ్చిన రెండో రోజే అది మానిపించి, సేల్స్‌మాన్లు, డ్రైవర్లు, గోడౌన్ కుర్రాళ్ళు అందరితో వాట్సాప్ గ్రూపు పెట్టాను. సరుకు దింపిన ప్రతిచోటా దుకాణదారుడితో ఫొటో తీసి అప్పటికప్పుడు పెట్టాలి. నేను ఏదైనా అడిగితే ఐదు నిమిషాల్లో జవాబు రావాలి. రాకపోతే వాయిస్ మెసేజ్. నా వాయిస్ మెసేజ్‌లు ఎలా ఉంటాయో వాళ్ళకి వారం తిరక్కుండానే తెలిసింది.

దసమంతపూర్ లైను చూసే పెద్దాయనని నేను బాబాయ్ అనేదాన్ని. నేను పుట్టకముందు నుంచీ ఆ లైన్లో తిరుగుతున్నాడు. మొదట్లో నన్ను "అమ్మీ" అని పిలిచేవాడు. గ్రూపు పెట్టాక "మేడం" అన్నాడు. నాకు అది మర్యాదలానే అనిపించింది.

అందరికంటే టంచనుగా ఫొటోలు పెట్టేది ఆయనే. ఒక సోమవారం ఒక ఫొటో పెడితే, నేను చప్పట్ల బొమ్మలు పెట్టి, "అందరూ బాబాయ్‌ని చూసి నేర్చుకోండి" అని రాశాను. కాసేపటికి వ్యాన్ డ్రైవర్ ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. కింద, "సోమవారం సంతేటి మేడం? ఆ సంత సుక్కురారం కదా!" అని రాశాడు.

ఫొటో పెద్దది చేసి చూశాను. దుకాణదారుడి వెనక బుట్టల్లో కోళ్ళు, చీపురు కట్టలు, ఎండుచేపలు, జనం. మిగతా ఫొటోలు తీసి చూశాను. అన్నిట్లోనూ అదే నీలం పరదా అంచు. అన్నీ శుక్రవారం సంతలో తీసినవే. రోజుకి రెండు మూడు చొప్పున వారమంతా పెడుతున్నాడు.

అందరి ముందూ నేను మెచ్చుకున్నాను. అందరి ముందూ నన్ను వెర్రిదాన్ని చేశాడు. నా బుర్రలో ఆ రెండే ఉన్నాయి. ఒక నిమిషం పైగా వాయిస్ మెసేజ్ పెట్టాను. దొంగ అన్నాను. ఈ వయసులో సిగ్గులేదా అన్నాను. గ్రూపులో ఉన్న పదకొండు మందీ విన్నారు.

మర్నాడు బాబాయ్ ఆర్డర్ల పుస్తకం కౌంటర్ మీద పెట్టి, పని మానేసి వెళ్ళిపోయాడు.

మావయ్య మంచం మీంచి అంతా విన్నాడు. తిట్టలేదు. "ఆడు లేకపోతే దసమంతపూర్ లైను లేదమ్మి. ఎలగొట్టింది నువ్వు. తెచ్చుకోవాల్సిందీ నువ్వే," అన్నాడు.

"అబద్ధం ఆడింది ఆయన, మావయ్యా!"

"ఎందుకాడేడో అడిగేవేటి?"

అడగలేదు.

బాబాయ్ ఇల్లు కొల్నారలో. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. ఆయన భార్య నాకు కుర్చీ వేసింది గానీ కూర్చోమనలేదు.

"మేడం గారా! ఏటిలా వచ్చేరు? ఫొటో కావాలేటి?" అంది.

"బాబాయ్ ఎందుకలా చేశాడో అడుగుదామని..."

"ఫోను టింగుమంటే సాలు, అన్నం ముద్ద కంచంలో పడేసి లెగిసిపోతన్నాడు. మొన్న డాట్రు బీపీ మాత్ర ఇంకోటి కలిపేడు. ఇంకేటి అడుగుతావు?"

"అంటే తప్పు నాదా?" నా గొంతు లేచింది.

"మరెవులిదమ్మి?"

బాబాయ్ ఆవిణ్ణి చేత్తో ఆపాడు. "ఆర్డర్లు నిజం. ఫొటోలే అబద్దం. కొండల్లో సిన్న దుకాణాలోళ్ళందరూ సుక్కురారం సంతలో పరదాలు కట్టుకుని కూకుంటారు. ఆర్డర్లన్నీ అక్కడే రాసుకుంటాను. తక్కిన రోజులు ఊరూరికీ సరుకు దింపుతాను. ఆ ఊళ్ళలో సిగ్నలుండదు. నువ్వేమో దింపగానే ఫొటో అంటావు. అందుకని సంతలోనే అందరివీ ఒక్కపాలే తీసీసి, సిగ్నలు దొరికిన కాడ రోజుకిన్ని పెట్టీవోణ్ణి."

"ఆ మాట నాతో చెప్పొచ్చు కదా!"

"ఎక్కడ సెప్పాల? గ్రూపులోనా? పదకొండు మంది ముందర తిట్టించుకోడానికా? టీ కాడ కూకోబెట్టుంటే సెప్పీవోణ్ణి."

తిరిగి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు. "ఈ సుక్కురారం సంతకెల్తాను. మానీసేనని దుకాణాలోళ్ళకి నా నోటితో సెప్పాల. కావాలంటే నువ్వూ రా. నువ్వు కళ్ళతో సూస్తే గాని నమ్మవు కదా."

శుక్రవారం వ్యాన్లో వెళ్ళాం. ఘాట్ ఎక్కి దసమంతపూర్ దాటాక నా ఫోన్లో గీతలు ఒక్కొక్కటే పోయాయి. అయినా చెయ్యి ఊరుకోదు. తీస్తాను, చూస్తాను, లోపల పెడతాను. డ్రైవర్ అద్దంలోంచి చూసి నవ్వాడు. కిటికీ వైపు తిరిగాను.

సంతలో బాబాయ్ ఒక గోనెసంచీ పరుచుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కళ్ళూ ఆయన దగ్గరికే వచ్చారు. ఆ కొండల్లో మాట్లాడే దేశియాలో ఒకడి ఎద్దు గురించీ ఇంకొకడి కూతురి జ్వరం గురించీ అడిగాడు. ఆ మాటల మధ్యలోనే ఎన్ని సబ్బులు, ఎన్ని అగ్గిపెట్టెలు అన్నది తేలిపోయింది. ఈ పనికి నేను అడిగిన ఫొటోలో చోటే లేదు.

పసుపు చీర కట్టుకున్న ఒక దుకాణదారు తన సరుకు రాయించుకున్నాక, బాబాయ్ తను మానేసిన మాట చెప్పబోయాడు. నేను అడ్డం పడ్డాను.

"ఇప్పుడే చెప్పకు బాబాయ్. కాస్త ఆగు."

"ఎందుకు?"

"రోజూ ఫొటోలు ఎక్కణ్ణుంచి పెట్టేవాడివి?"

సంత వెనకున్న కొండ చూపించాడు. "అదే నీ ఆఫీసు. అక్కడికెక్కితేనే సిగ్నలు. రోజుకి రెండుపాలెక్కీవోణ్ణి. ఒకటి ఫొటోకి, ఒకటి నువ్వేటి తిట్టేవో ఇనడానికి."

ఎక్కాను. రాళ్ళ దారి, నెత్తిన ఎండ. నాకు పాతికేళ్ళు, మధ్యలో రెండు చోట్ల కూలబడ్డాను. పైకి చేరగానే ఫోను వరసగా మోగింది. ఆయాసం తీరకుండానే నేను పంపిన ఆ వాయిస్ మెసేజ్ నొక్కి విన్నాను. అంత ఎత్తు ఎక్కొచ్చి, గుండె దడదడలాడుతుంటే ఆ గొంతు వినాల్సి రావడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. చివరిదాకా విన్నాను. మధ్యలో ఆపేయాలనిపించింది, ఆపలేదు.

కిందికి దిగి, "రేపు పొద్దున్న ఒక్కసారి గోడౌన్‌కి రా బాబాయ్. ఆ తర్వాత కూడా మానెయ్యాలనిపిస్తే, నేనే వచ్చి వీళ్ళందరికీ చెప్తాను," అన్నాను.

"ఒక్క రోజే ఆగుతాను," అన్నాడు.

శనివారం అందరినీ గోడౌన్ ముందు కూర్చోబెట్టి టీ తెప్పించాను. తిట్టింది అందరి ముందు కాబట్టి, క్షమించమని కూడా అందరి ముందే అడిగాను. దొంగ అన్నది తప్పు, అడగకుండా తిట్టడం ఇంకా పెద్ద తప్పు అని చెప్పాను. వెంటనే డ్రైవర్ అన్నాడు, "మేడం, ఇది ఫొటో తీసి గ్రూపులో ఎట్టీమంటారేటి?"

అందరూ గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. తిట్టు నోటిదాకా వచ్చింది. చేతిలో గ్లాసు గట్టిగా పట్టుకుని ఒక గుటక మింగాను. "వద్దు. గ్రూపే తీసేస్తున్నాను. చెప్పాల్సిందేదైనా ఉంటే రోజూ ఇక్కడే చెప్పుకుందాం," అన్నాను.

గుడారి లైను అతను కూడా నోరు విప్పాడు. "నాను కూడా పాత ఫొటోలే పెట్టేనండి," అన్నాడు నేల చూస్తూ. ఎందుకని అడిగాను. చెప్పాడు. విన్నాను. తిట్టలేదు.

బాబాయ్ లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు. పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు గానీ ఎప్పటిలా చంకలో పెట్టుకోలేదు.

"నెల్రోజులు సూస్తాను. మళ్ళీ అలాగే అరిసేవంటే ఎల్లిపోతాను. ఈపాలి పుస్తకం కూడా తిరిగియ్యను," అన్నాడు.

"సరే," అన్నాను.

మేనేజర్‌ని నేను, గడువు నాకు. అందులో ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఇవాళ కొల్నార వ్యాన్లో ఒక పెట్టె బదులు ఇంకో పెట్టె వెళ్ళింది. పెట్టెలు ఎక్కించిన గోడౌన్ కుర్రాడి నంబరు తీశాను, నా వేలు అప్పుడే వాయిస్ మెసేజ్ మైకు బొమ్మ మీదికి వెళ్ళింది. ఫోను సొరుగులో పడేసి, చెప్పులు వేసుకుని, ఏం జరిగిందో అడగడానికి గోడౌన్ వైపు నడిచాను. దారంతా కోపంగానే ఉన్నాను. అడిగాను మాత్రం మామూలుగానే.