దుమ్ము దులపని దొర

మా దుమ్ముదొర దేన్నీ పారెయ్యడు. చెత్త పారెయ్యడు, చప్పుడూ పారెయ్యడు. మొదటిది నా నడుం విరగ్గొట్టింది. రెండోది అతని ఉద్యోగానికే ఎసరు పెట్టింది.

అసలు పేరు జీతాల కాగితం మీద ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే అతనే పలకడు. ఈ పేరు నేను పెట్టింది. నలభై ఏళ్ళయినా ఊడలేదంటే గట్టిగానే పెట్టి ఉంటాను.

మాది పాటలు రికార్డు చేసే కంపెనీ. పైన అద్దాల ఆఫీసులు, కింద నేలమాళిగలో అతని గది. ఎండ ఆ మెట్లదాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, నాకెందుకొచ్చిన గొడవని వెనక్కి పోతుంది. గోడలకి చెమ్మ. వాన పడితే పైన వాకిట్లో పగుళ్ళలోంచి నీళ్ళు దిగి కప్పు కారుతుంది. ఆ గదిలో కూర్చుని అతను పాత పాటలు కడుగుతాడు, నేను బయట గచ్చు కడుగుతాను. ఇద్దరం ఇంచుమించు ఒకే రోజుల్లో చేరాం. నేను చీపురు పట్టుకుని, అతను టేపులు చుట్టే కుర్రాడిగా. నన్ను అక్కా అంటాడు. అనకపోతే ఊరుకునేదాన్ని కాదు.

అతనికి వచ్చే పనంతా పాత రాక్ పాటల ప్లేట్లే. గిటార్లు పట్టుకుని గొంతు చించుకునే పాటలు. వాటిని డీలక్స్ అని మళ్ళీ వేస్తారు.

"డీలక్స్ అంటే ఏమిటి దొరా?" అని ఒకసారి అడిగాను.

"పాత ప్లేటేనక్కా. కాస్త శుభ్రం చేసి, పెద్ద డబ్బాలో పెట్టి, బొమ్మల పుస్తకం చేర్చి, అప్పట్లో బాగాలేదని వదిలేసిన పాటలు కూడా కలిపి మళ్ళీ అమ్ముతారు."

"బాగాలేదని వదిలేసినవాటికి ధర తగ్గిస్తారా?"

"పెంచుతారు."

నేను చీపురు కింద పెట్టి కాసేపు కూర్చున్నాను. నిన్నటి కూర ఇవాళ కొత్త గిన్నెలో పెట్టి ఎక్కువకి అమ్మే తెలివి నాకుంటే నా బతుకు ఇలా తెల్లారేదా అనుకున్నాను.

"కొనేవాళ్ళున్నారా?"

"పోయినసారి డబ్బా కొన్నవాళ్ళే మళ్ళీ కొంటారు."

"మరి ఇందులో నీ పనేంటి?"

"రీమాస్టరింగ్. అంటే నువ్వు గచ్చు తుడుస్తావు చూడు, అలాంటిదే. పాత టేపు మీది గీతలూ బురబురలూ తీసెయ్యడం."

"నేను తుడిస్తే మురికి పోతుంది. నీ దగ్గర పోదేం?"

"కొంచెం మురికి ఉండాలక్కా. లేకపోతే అక్కడ మనుషులున్నారని ఎలా తెలుస్తుంది?"

ఈ ముక్క నేను మా ఆఫీసరుతో అంటే మర్నాటినుంచి నన్ను రావద్దంటారు. ఇతను అంటే కళాకారుడంటారు.

పాట వింటూ వింటూ మధ్యలో ఆపి నాకు చుట్టాల్ని పరిచయం చేసినట్టు చప్పుళ్ళని పరిచయం చేసేవాడు. ఇది గిటారాయన దగ్గు. ఇది కాగితం తిప్పిన చప్పుడు. ఒకసారి కిర్రుమని ఏదో వినిపించి, "డ్రమ్ములు వాయించేవాడి కుర్చీ అక్కా. వాడు పోయాడు, కుర్చీ కూడా పోయింది. ఈ కిర్రు ఒక్కటే మిగిలింది" అన్నాడు.

"బతికుండగా దానికి చుక్క నూనె వెయ్యమని చెప్పాల్సింది," అన్నాను.

ఆ డ్రమ్ములాయన సంతాపసభకి నేనూ వెళ్ళాను. పెద్ద హాలు, పది మంది కూడా లేరు. ఎవరో పెద్దమనిషి మాట్లాడుతుంటే మైకు గుయ్యిమని ఏడ్చింది. అందరూ చెవులు మూసుకున్నారు. మా దొర ఒక్కడే తలెత్తి, ఆ పూటకి మొదటిసారి నవ్వాడు. "వీళ్ళందరిలో మనస్ఫూర్తిగా ఏడ్చింది అదొక్కటే అక్కా," అన్నాడు. అంతమందిలో అతన్ని మోచేత్తో పొడవాల్సొచ్చింది.

ఇక గది సంగతి. తెగిన టేపు ముక్కలు, అరిగిన పెన్సిళ్ళు, తిరగని ఫ్యాను, చెవులు విరిగిన కప్పులు. చీపురు గడప దాటితే చాలు, పసిపిల్ల మీద కర్రెత్తినట్టు అడ్డం వచ్చేవాడు. నా పాత ఇనప బకెట్టు సొట్టపడి, పిడి ఊడిపోతే, ఇంక చాలని చెత్తకుండీలో పడేశాను. మర్నాడు వెళ్ళి చూస్తే అతని గదిలో, కారే కప్పు కింద కొలువుతీరి ఉంది. చుక్క పడినప్పుడల్లా టంగుమంటుంది. నీళ్ళు నిండితే టప్పుమంటుందని మాటిమాటికీ లేచి వంపుకొచ్చేవాడు.

"ప్లాస్టిక్‌ది పెట్టుకో దొరా, తుప్పు పట్టదు."

"దాని గొంతు బాగుండదక్కా."

వాళ్ళావిడ ఒకసారి తడిసిన గొడుగుతో వచ్చి నా పక్కన మెట్టు మీద కూలబడింది. "ఇంట్లో కుళాయి కారుతోంది, తలుపు కిర్రుమంటోంది. దేన్నీ బాగుచెయ్యనివ్వడు. నువ్వైనా చెప్పు వదినా."

"పెళ్ళికి ముందైనా సరిగ్గా ఉండేవాడా?"

"నన్ను మొదటిసారి చూసినప్పుడు నాకు తుమ్మొచ్చింది. అది నచ్చే చేసుకున్నాడట."

నేను లేచి ఆవిడ గొడుగు కార్చిన నీళ్ళు తుడిచాను.

ఆ బకెట్టుకి సొట్ట ఎలా పడిందో కూడా చెప్పాలి. నేను పనిలో చేరిన కొత్తలో, జులపాలు పెంచుకున్న నలుగురు కుర్రాళ్ళు వచ్చి పాటలు రికార్డు చేశారు. అట్ట మీద గుడ్లగూబ బొమ్మ ఉంటుంది, ఆ ప్లేటు. దానితోనే వాళ్ళకి పేరొచ్చింది. ఒక రోజు లోపల పాట నడుస్తోంది. తలుపు సరిగ్గా వెయ్యలేదు. నేను నిండు బకెట్టుతో వసారాలో వస్తున్నాను. దారికి అడ్డంగా నల్లటి తీగ పడి ఉంది. కాలు తగిలింది. నేను నిలబడ్డాను, బకెట్టు నిలబడలేదు. లోపల అద్దం వెనక అందరూ బొమ్మల్లా ఆగిపోయారు. మేనేజరు పరిగెత్తుకొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. నేనూరుకుంటానా. "తప్పు నాది కాదు. తీగ అడ్డంగా పడేసినవాణ్ణి అడగండి" అన్నాను. రేపటినుంచి రావద్దనే అంటాడనుకున్నాను. అప్పుడు మా ఇంటాయనకి పనిలేదు, చంకలో పిల్ల, ఇంట్లో పొయ్యి వెలిగేది నా రెక్కల మీదే. రాత్రంతా కళ్ళు మూతపడలేదు. మర్నాడు వెళ్తే మేనేజరు నా వంక చూడకుండా, వెళ్ళి పని చూసుకో అన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు కాబట్టే ఉద్యోగం మిగిలిందని నాకు అర్థమైంది. నా నోటికి మేనేజరు జడిశాడని కూతురికి చెప్పాను, కోడలికి చెప్పాను, మనవరాలికి నిద్రపుచ్చే కథగా చెప్పాను. ఆ ప్లేటు మాత్రం ఎప్పుడూ వినలేదు. డబ్బిచ్చి ఆ అరుపులు వినేంత ఖర్మ నాకేం పట్టింది.

పోయిన వానాకాలం ఆ గుడ్లగూబ ప్లేటుకి డీలక్స్ మూడింది. పై ఆఫీసు నుంచి సూటుబాబు దిగొచ్చాడు. సూటు ఎక్కడ గోడకి తగులుతుందోనని గది మధ్యలో కర్రలా నిలబడ్డాడు.

"దగ్గులు, కిర్రులు, గీతలు, అన్నీ పోవాలి సార్. ఇప్పుడందరూ చెవుల్లో పెట్టుకుని వింటున్నారు. మీవల్ల కాకపోతే చెప్పండి, పైన మిషనుంది. ఒక్క పూటలో కడిగేస్తుంది. అప్పుడు మీరు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోవచ్చు. ఈ గది మాకు అట్టపెట్టెలకి కావాలి."

అంత మర్యాదగా మెడ కొయ్యడం పెద్ద చదువులు చదివితేనే వస్తుంది.

దొర తల వంచుకుని పని మొదలుపెట్టాడు. దగ్గు తీసేశాడు. కాగితం చప్పుడు తీసేశాడు. కుర్చీ కిర్రు తీసేసిన రోజు తిండి డబ్బా మూత తియ్యలేదు. గది ఊడవనా అంటే, ఊడ్చుకో అన్నాడు. నాకు చెయ్యి రాలేదు.

"ఇంకేమైనా మిగిలాయా దొరా?"

"ఒక్కటుందక్కా. అది తియ్యను."

"ఏమిటది?"

"నీకెందుకులే."

కుర్చీతో సహా పరిచయం చేసినవాడు, దీనికి మాత్రం నీకెందుకులే.

"గది పోతుంది. ఉద్యోగం పోతుంది."

"పోనీ."

"ఇంటావిడకేం చెప్తావు?"

"కుళాయి ఇంక నేనే చూసుకుంటానంటాను."

నలుగురిలో పాట పాడినాయన వచ్చి విని సరేనంటే పని అయిపోయినట్టు. ఆయన వచ్చిన రోజు కుండపోత. జులపాలాయన అనే పిలిచేవాళ్ళం. ఇప్పుడు నెత్తి మీద వెంట్రుక లేదు, చేతిలో కర్ర, అడుగుకో ఆయాసం. నలుగురిలో డ్రమ్ములాయనతో కలిపి ఇద్దరు పోయారు, మూడో ఆయన ఈయనతో మాట్లాడడు. మర్యాదకోసమని దొర బకెట్టు వంపేసి, చుక్క చప్పుడు రాకుండా అడుగున గుడ్డ పరిచాడు. నేను గుమ్మం దగ్గర గొడుగుల నీళ్ళు తుడుస్తున్నాను.

దొర ఒక చప్పుడు తియ్యనన్నాడని పైన మిషనుతో కడిగించిన పాటని సూటుబాబు ముందుగా పెట్టాడు. జులపాలాయన కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. ఒక చోట చెయ్యి పైకెత్తి ఆగాడు. పాట ముందుకెళ్ళిపోయింది. చెయ్యి గాల్లోనే ఉంది.

"నా గంట ఏది?" అన్నాడు.

"అది లోపం సార్, తీసేశాం."

"లోపమా? నలభై ఏళ్ళుగా ఆ గంట మోగాకే నేను రెండో చరణం ఎత్తుకున్నాను బాబూ. దానికోసం ఊరూరా ఒక గంట మోసుకు తిరిగాం. అది లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలియడం లేదు."

మా దొర తన టేపు పెట్టాడు. గిటార్లు, డ్రమ్ములు, అరుపులు, ఆ మధ్యలో టంగ్.

నా బకెట్టు గొంతు నాకు తెలియదా. చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

"అదీ," అని ఆయన చెయ్యి దించాడు. మొహంలోకి ప్రాణం వచ్చింది. "ఆ రోజు నాకింకా గుర్తుంది. ఊడ్చే మనిషెవరో ఏదో పడేసింది, రేపటినుంచి రానివ్వనని మేనేజరు చిందులు తొక్కుతున్నాడు. నేనూ తిట్టాను. ఇతను అప్పుడు టేపులు చుట్టే కుర్రాడు, ఉన్నాడో లేడో తెలిసేది కాదు. ఆవిడ అటు వెళ్ళాక ముందుకొచ్చి, 'టేపులో పడింది ఆవిడ చప్పుడు కాదు సార్, గంట నేనే మోగించాను. నాకు చప్పుళ్ళంటే ప్రాణం' అన్నాడు. తిట్లన్నీ ఇతని మీదికి మళ్ళాయి. తీరా మళ్ళీ వింటే నిజంగానే బాగుంది."

నేను దొర వంక చూశాను. దొర తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

చప్పుళ్ళంటే ప్రాణమని ఒక్క అబద్ధం ఆడాడు. ఆడినవాడు నిలబెట్టుకోవాలిగా. మర్నాడు ఎవరో దగ్గితే అదీ బాగుందనాలి, లేకపోతే మేనేజరుకి అనుమానం వస్తుంది. తర్వాత కుర్చీ బాగుందనాలి. అలా బాగుంది బాగుందంటూ పోగా పోగా, పాపం, నిజంగానే బాగుండటం మొదలైంది. పెళ్ళాం తుమ్ముదాకా వచ్చింది. నా ఉద్యోగం కోసం పట్టిన పిచ్చికి నేనే పేరు పెట్టి, నలభై ఏళ్ళు వెక్కిరించాను.

సూటుబాబు పెన్ను తీశాడు. "సరే సార్, ఉంచుదాం. పని మొత్తం ఈయన చేతే చేయిస్తాం. ఇంతకీ అది ఏం గంట? పుస్తకంలో వెయ్యాలి. ఓడ గంటని కొందరు, చావు గంటని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు."

దొర టేపు డబ్బాకి మూత వెతుక్కోసాగాడు. ఉన్న ఒక్క అబద్ధం ఎప్పుడో ఖర్చుపెట్టేసుకున్న మనిషి, ఇంకోటెక్కణ్ణుంచి తెస్తాడు.

"కంచుగంట బాబూ," అన్నాను. "ఆ మూలనే వేలాడుతుండేది. నేనే తోమేదాన్ని."

"మీకు గుర్తుందా అమ్మా?"

"గుర్తుండదా. చింతపండు పెట్టి తోమితే మొహం కనిపించేది."

ఆడిన అబద్ధం బరువుకి చేతులు ఊరుకోక, తుడిచే గుడ్డనుకుని బకెట్లో గుడ్డ లాగేశాను. వెంటనే పైనుంచి చుక్క పడింది. టంగ్.

ముగ్గురూ బకెట్టు వంక తిరిగారు. జులపాలాయన తల పక్కకి వంచి విన్నాడు.

"ఇది ఆ గంటకి చెల్లెల్లా ఉందే," అన్నాడు.

"వానకి అన్నీ అలాగే వినిపిస్తాయి," అన్నాను.

కంచుగంట అనే అచ్చయింది. అట్టపెట్టెలు ప్రస్తుతానికి వేరే గది చూసుకున్నాయి. కుర్చీ కిర్రు కూడా తన చోటికి తిరిగొచ్చింది. మేనేజరు నా నోటికి జడిశాడన్న కథ ఇప్పుడు మార్చుకోవాలా అంటే, మార్చను. పాత సరుకు కడిగి మళ్ళీ అమ్మే పని నాది కాదు.

ఆ రోజు వాళ్ళిద్దరూ మెట్లెక్కి వెళ్ళిపోయాక గుమ్మంలో నిలబడి పిలిచాను.

"దొరా."

"ఆఁ అక్కా."

"ఆ రోజు దారికి అడ్డంగా తీగ పడేసిందెవరు?"

టేపు ముక్క ఒకటి తీసి వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు.

"నేనేనక్కా."

"తప్పు నాది కాదని నేను మొదట్నించీ చెప్తున్నానా లేదా?"

"చెప్తూనే ఉన్నావక్కా."

"మరి?"

అతను నవ్వాడు. నేను నవ్వలేదు, నాకు పనుంది. బకెట్టు తీసుకెళ్ళి వంపేసి, తెచ్చి మళ్ళీ చుక్క కిందే సరిగ్గా పెట్టాను. నిండితే దాని గొంతు బాగుండదు.