తెల్ల అంగీ కాక

ఇటలీలో చదువుకుంటూ సెలవులకొచ్చిన ఏడాది, మంచిర్యాల నుంచి గోదావరిఖని వెళ్లే బస్సులో ఒక ముసలాయన నా పక్కన కూర్చున్నాడు. ఇటలీలో చదువుతున్నానంటే, అక్కడి జనం ఎట్లుంటరని అడిగాడు.

"కూరగాయలకు పోయే ముసలోళ్లు గూడ ఇస్త్రీ బట్టలేసి, బూట్లకు పాలిష్ గొట్టి బయటికొస్తరు కాకా. గంత సోకెందుకో!" అని నవ్వాను.

ఆయన తన తెల్ల అంగీ కాలరు సర్దుకున్నాడు.

"సోకు గాదు బిడ్డా. బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు చేసిన. షిఫ్టు దిగి, తానం చేసి, తెల్లంగి తొడుక్కొని చాయ్ తాగనీకి పోయేటోన్ని. అద్దంల నా మొకం నేను గుర్తువట్టేది గప్పుడే."

గోదావరి వంతెన దాటాక ఆయన దిగిపోయాడు.

ఇటలీకి తిరిగి వెళ్లాక, అక్కడి సంతలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ముసలాయన ఎవరు ఎదురైనా, "షిఫ్టు అయిపోయిందా కాకా?" అని మన మాటలో పలకరించాలనిపించేది.