మిరప దుమ్ము పట్టిన సిపాయిలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆడపిల్లలెవరూ యుద్ధాలు చేసేవాళ్ళు కాదు, మేమిద్దరం తప్ప. రెండో పిల్ల పశువుల డాక్టరుగారి అమ్మాయి. తొంభైల చివర్లో వాళ్ళ నాన్నగారికి మా ఊరు బదిలీ అయి, మా వీధి చివర అద్దెకు దిగారు. సామాను దించుతుంటే ఆ పిల్ల ముందుగా విప్పుకున్నది బట్టల పెట్టె కాదు, ఒక బిస్కెట్ల డబ్బా. దాని నిండా ప్లాస్టిక్ సిపాయిలు. ఒక్కొక్కడూ చిటికెన వేలంత ఎత్తు. ఒకడు నిలబడి తుపాకి గురిపెట్టేవాడు, ఒకడు మోకాలి మీద కూర్చునేవాడు, ఒకడు బోర్లా పడుకుని పాకేవాడు. వాళ్ళ మేనమామ ఎక్కడో పెద్ద ఊళ్ళో కొనిచ్చాడట. మా తిరునాళ్ళలో బూరలూ రబ్బరు బంతులూ దొరికేవి గానీ ఇలాంటి వాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజే మాకు స్నేహం కుదిరింది.

యుద్ధం మా ఇంటి వసారాలో జరిగేది. నియమాలన్నీ ఆ పిల్లవే. గవ్వలు వేసి ఎంత పడితే అన్ని బెత్తెలు సిపాయిని ముందుకు జరపాలి. ఎదురెదురు పడ్డవాళ్ళలో పెద్ద పందెం పడ్డవాడు బతుకుతాడు. వడ్ల బస్తాలు మాకు కొండలు, కింద పరిచిన నీలం దుప్పటి కృష్ణానది. చిక్కల్లా ఒకటే, సిపాయిలందరిదీ ఒకటే ఆకుపచ్చ. కాసేపటికి ఎవడు ఎవరివాడో తెలిసేది కాదు. చచ్చినవాడు నీవాడంటే నీవాడని వాదించుకుని, వాళ్ళ యుద్ధం ఆపి మేమిద్దరం జుట్లు పట్టుకునేవాళ్ళం.

అందుకని రంగులు వేద్దామనుకున్నాం. ఏ రంగులన్న దగ్గర మళ్ళీ ఆ పిల్లే ఆలోచన చెప్పింది. సిపాయి చొక్కా రంగు అందానికి కాదట, తను ఉన్న చోట కనబడకుండా కలిసిపోవడానికట. అడవిలో ఉండేవాడికి ఆకుపచ్చ సరే, మన ఊళ్ళో ఉండేవాడికి ఆకుపచ్చ ఎందుకంది. ఇద్దరం డాబా ఎక్కి చుట్టూ చూశాం. కింద నల్లరేగడి. మీద పండుమిరప. పక్క చేలో అక్కడక్కడా తీయకుండా వదిలేసిన పత్తి. ఆవల పొగాకు. ఇంక అనుకునేదేముంది! నా సైన్యానికి నల్ల నిక్కర్లు, ఎర్ర చొక్కాలు, తెల్ల టోపీలు. తన సైన్యానికి ఆరబెట్టిన పొగాకు రంగు చొక్కాలు, పచ్చ టోపీలు. మిరప సైన్యం, పొగాకు సైన్యం. ఏ దేశానికీ లేని సైన్యాలు మాకు మాత్రమే ఉన్నాయని మహా గర్వంగా ఉండేది.

ఇంటి తలుపులకు వేయగా మిగిలిన రంగు డబ్బాలూ, ట్రాక్టరు ట్రక్కుకి వేసిన ఎరుపూ దొరికాయి. అగ్గిపుల్లకి దూది చుడితే కుంచె. ముందు తన పొగాకు సైన్యం పూర్తయింది. నా మిరప సైన్యం మొదలుపెట్టేలోపే డాక్టరుగారికి దాచేపల్లి వైపు బదిలీ అయిందన్న కబురు వచ్చింది.

వెళ్ళే ముందురోజు పొద్దున్నే ఆ పిల్ల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. సైన్యాలు మార్చుకుందామంది. పొగాకు సైన్యం నా దగ్గరుంటుంది, మిరప సైన్యం తను పట్టుకుపోతుంది. అక్కడంతా సిమెంటు ఫ్యాక్టరీలేనట, తనకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరట. "మన ఊరు గుర్తుండాలంటే ఇయ్యే ఉండాల. రేపు లారీ వచ్చేలోపు రంగులెయ్యి, ఏం?" అని ఏడుపు ఆపుకుంటూ అంది. నేను మాటిచ్చాను. నాకు ఆ వయసులో అంతకన్నా పెద్ద పని ఎవరూ అప్పజెప్పలేదు.

మధ్యాహ్నం దాకా కూర్చుని అందరికీ రంగులు వేశాను. ఎంత ముద్దొచ్చారో చెప్పలేను. పండగ బట్టలు కట్టుకున్న పిల్లల్లా తళతళలాడుతున్నారు. ఇంట్లో పెడితే తమ్ముడు ముట్టుకుంటాడని, ఒక చెక్క మీద వరసగా నిలబెట్టి, ఎండ బాగా తగులుతుందని మా మిరపకల్లంలో పెట్టి అన్నానికి వెళ్ళాను. మిరపకాయలు ఎండేచోట రంగు ఎండదా అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

నేను తిరిగొచ్చేసరికి గాలి తిరిగింది. ఒక మూల కూలీలు ఎండిన కాయల్ని టిక్కీల్లో పోసి కాళ్ళతో తొక్కుతున్నారు. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల గోతం. తొక్కుతుంటే లేచే దుమ్ముకి దారినపోయే కుక్క కూడా తుమ్ముతుంది. ఆ ఎర్రటి దుమ్మంతా నా సిపాయిల పచ్చిరంగు మీద పడి అతుక్కుపోయింది. టోపీలకు పత్తి పోగులు. ఇద్దరు ముఖాలు కిందపెట్టి మట్టిలో పడున్నారు. కంగారుపడి బకెట్లో నీళ్ళు పెట్టి కడిగాను. రంగూ దుమ్మూ కలిసి ముద్దయింది. తెల్లటోపీ ఏదో, ఎర్రచొక్కా ఏదో తేడా లేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూ అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత నేను పెట్టిన కేకలు మా వీధివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు.

ఆ కేకలకు పరిగెత్తుకొచ్చింది మా మేనత్త. మా నాన్నకు అక్క. ఊళ్ళోకే ఇచ్చారు కాబట్టి సగం రోజు మా కల్లంలోనే ఉండేది. ఆమె మామూలుగా మాట్లాడినా పక్కవీధిలో గొడవేమో అనుకునేవాళ్ళు. టిక్కీల మూతులు కుట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆ రోజూ చేతిలో దబ్బనం, భుజం మీద పురికొస చుట్ట ఉన్నాయి. నా చేతులు మజ్జిగతో రుద్ది, కళ్ళమీద చన్నీళ్ళు కొట్టి కొట్టి, మంట తగ్గాక అప్పుడు మొదలుపెట్టింది. "మిరప్పళ్ళ కొంపలో పుట్టి, మిరప చేత్తో కళ్ళు తుడుచుకున్నావంటే నిన్నేమనాలే కోడలా!"

ఎందుకేడ్చానో చెప్పాను. పారేయమంటుందనుకున్నాను. ఆమె ఒక సిపాయిని అరచేతిలో పెట్టుకుని, వీళ్ళెక్కడ పనిచేస్తారే అనడిగింది. మన చేలల్లో అన్నాను. "చేలో పనిచేసేవాడికి దుమ్మంటిందని ఏడుస్తన్నావా? అంటకపోతే ఏడవాల గానీ!" అని ఒక నవ్వు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పొద్దున్నే లారీ వస్తుంది, ఆ పిల్ల చెయ్యి చాపుతుంది, నేనేం పెట్టాలి?

అది నా ముఖంలో కనిపించినట్టుంది. వేళాకోళం ఆపి, సిపాయిని తిప్పి తిప్పి చూసింది. దుమ్ము పట్టడం తప్పుకాదంది. అందరికీ అన్నిచోట్లా ఒకేలాగా పట్టింది చూడు, అదీ తప్పంది. పిండిలో దొర్లించిన బజ్జీల్లా ఉన్నారంది. తర్వాత నన్ను కల్లం వాకిట్లో కూర్చోబెట్టి, "చేలోంచి కూలోళ్ళు వచ్చే ఏళయింది. నోరు మూసుకోని చూడు, అడగబాక" అని తన కుట్టుపనికి వెళ్ళిపోయింది.

పొలాల నుంచి మనుషులు రావడం మొదలైంది. రోజూ చూసేవాళ్ళే, కానీ అలా చూడడం అదే మొదటిసారి. చీర కుచ్చెళ్ళకి మూరెడు మేర మట్టి, పైన శుభ్రం. కాయలు కోసి పోసుకునే ఒడి దగ్గర ఎర్రటి మరక. కొంగుతో తుడుచుకున్న బుగ్గలు తేటగా ఉన్నాయి, ముక్కు పక్కనా మెడ ముడతల్లోనూ దుమ్ము అలాగే ఉండిపోయింది. ఒక పెద్దాయన చొక్కా ఎడమ భుజం మీద పోగులు లేచిపోయి ఉంది, కుడి భుజం మీద కొత్తగుడ్డలా ఉంది. బస్తా ఏ భుజాన మోస్తాడో అడగక్కర్లేదు. అందరూ ఒకే చేలోంచి వస్తున్నారు, ఒకరికి పట్టిన దుమ్ము ఇంకొకరికి పట్టినట్టు లేదు.

అత్తయ్య దగ్గరికెళ్ళి చూసింది చెప్పాను. ఆమె పక్కనున్న పార తీసి పిడి చూపించింది. రెండు చేతులు పడేచోట అద్దంలా నున్నగా ఉంది, మిగతా అంతా గరుకు. తర్వాత నోరు తెరిచి తన పై పన్నొకటి చూపించింది. ముందు పళ్ళలో ఒకదానికి అంచున చిన్న నొక్కు. అన్నేళ్ళు ఆమె నవ్వుతుంటే చూశాను గానీ ఆ నొక్కు నాకెప్పుడూ కనబడలేదు. టిక్కీ కుట్టిన ప్రతిసారీ పురికొస అక్కడే పెట్టి కొరికేదట. "పనిచేసినచోటే అరుగుద్దే. పనిలేని చోట కొత్తగానే ఉంటది. ముందు వాడేం పని చేశాడో కనుక్కో, తర్వాత మట్టి పుయ్యి" అంది.

ఇక కూర్చున్నాం. కిరసనాయిలు తడిపిన గుడ్డతో సిపాయిల్ని తుడిచాం, అంతా కాదు, చేయి పడేచోట, ముఖం మీద. చొక్కా, టోపీ రంగులు కలిసిపోయినచోట మళ్ళీ అద్దాం, చొక్కా ముడతల్లోని దుమ్ము ముడతల్లోనే ఉంచాం. నల్లరేగడి మెత్తగా నూరి, కిరసనాయిలులో పల్చగా కలిపి, పాత పళ్ళ బ్రష్షుతో బూట్ల నుంచి పైకి పూశాం. మోకాలి మీద కూర్చున్నవాడికి ఒక్క మోకాలే నలుపు. గురిపెట్టినవాడికి తుపాకి ఆనే భుజం దగ్గర ఎరుపు చెరిగి కింది ఆకుపచ్చ కనబడేలా గీశాను. ట్రంకుపెట్టెకి వేసిన వెండిరంగు అడుగున కాస్త ఉంటే, పుల్ల కొసతో తుపాకి అంచుకి తాకించాను, అక్కడ చేయి రుద్దుకుంటుంది కదా. అత్తయ్య పక్కనే టిక్కీలు కుడుతూ ఓరకంట చూస్తూనే ఉంది. ఒకసారి గట్టిగా అరిచింది. "వాడు పాకేవాడు గదే! ఈపుకెందుకే మట్టి? పొట్టకి పుయ్యి!" నాకు అప్పుడు నవ్వొచ్చింది. దీపాలు పెట్టేవేళకి సిపాయిలందరూ అయ్యారు. తళతళలు లేవు. కానీ ఒక్కొక్కణ్ణీ చూస్తుంటే వీడు నాకు తెలుసు అనిపించింది.

తెల్లారి లారీ దగ్గరికి డబ్బా పట్టుకెళుతూ దారిలో రెండుసార్లు ఆగి మూత తీసి చూసుకున్నాను. మంచివి పాడుచేశావంటే ఏం చెప్పను? ఆ పిల్ల మూత తీసి, పాకేవాణ్ణి బయటికి తీసి, పొట్ట చూసింది, మోచేతులు చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే పెద్దగా తుమ్మింది. ఆ వెనక నేను, మా వెనక డాక్టరుగారు. తుమ్ములు ఆగాక కళ్ళు తుడుచుకుని, "వీడు మీ బోరు కాలవలో పడి పాకాడు గదా?" అంది. నేను తలూపేలోపే తనే చదువుకుంటూ పోయింది. వీడు మోకాలేసి కూర్చుంది మిరపతోటలో. వీడు బస్తాలు కూడా మోశాడు. టోపీకి అతుక్కున్న పత్తి పోగుని డాక్టరుగారు పీకబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. సామాన్లన్నీ లారీలో ఎక్కాయి గానీ ఆ డబ్బా ఎక్కలేదు, దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. లారీ మలుపు తిరిగాక నేను ఏడ్చాను, ఈసారి చేతులు కడుక్కుని.

కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆగిపోయాయి. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. పొగాకు సైన్యం మాత్రం గుంటూరులో నా పనిబల్ల మీద ఉంది. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే కట్టుడు పళ్ళు తయారుచేయడం నా పని. కొత్తగా చేరిన పిల్లలు పళ్ళన్నిటినీ ముత్యాల్లా తెల్లగా, ఒక్క తీరుగా చేసి మురిసిపోతుంటారు. నేను వాళ్ళను తిట్టను. ఈ పళ్ళు ఎవరివి, ఆయన చుట్ట తాగేవాడా, ఆమె ఏ వైపు నమిలేది, ముందు అవి కనుక్కోండి అంటాను. అవి తెలిశాకే రంగు కలపమంటాను. ఆ మాట నాది కాదని వాళ్ళకు తెలియదు.

ఈమధ్య మా అత్తయ్యకు పై పళ్ళు కట్టాల్సి వచ్చింది. అచ్చు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. రంగు కాస్త పసుపు కలిపి, చివరిగా ముందు పన్ను అంచున, ఆమె అప్పుడు నాకు చూపించిన చోటే, చిన్న నొక్కు చేశాను. నా చేతులతో ఆమెకు తిరిగివ్వగలిగింది అదొక్కటే అనిపించింది. డాక్టరు పళ్ళు అమర్చి అద్దం ఇస్తే, ఆమె అద్దం చూడకముందే నాలుక వెళ్ళి ఆ నొక్కు దగ్గర ఆగింది. అటూ ఇటూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది. తర్వాత బయట కూర్చున్నవాళ్ళందరికీ వినబడేలా, "కొత్త పళ్ళు చెయ్యమంటే నా పాత పళ్ళే పెట్టావేందే కోడలా!" అంది. కళ్ళు మాత్రం నీళ్ళతో నిండిపోయాయి. కొంగు చివర ఊడిన దారప్పోగొకటి ఆ నొక్కులో పెట్టి కొరికి, తెగిందని నాకు చూపించింది.