పంచాంగం పట్టుకుని టెంట్ హౌస్ చూడబోయాను

మా బావమరిది సత్యం సోమవారం సిమెంటు ఫ్యాక్టరీలో రాజీనామా కాగితం ఇస్తానన్నాడు. ఇవ్వాలో వద్దో నన్ను చెప్పమన్నాడు. నందిగామలో వెంకయ్యగారనే పెద్దాయన తన టెంట్ హౌస్ అమ్మేస్తున్నారు: షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, అన్నీ కలిపి. ఉద్యోగం మానేసి అది కొంటానంటాడు. అంతకుముందు సత్యం తెచ్చిన ఆలోచనలు రెండూ నేనే కొట్టేశాను. మంచినీళ్ల ప్లాంట్లు మా వీధిలోనే మూడున్నాయి. కారం మర ఏడాదిలో మూడు నెలలే ఆడుతుంది. ఇది మాత్రం నిలిచేలా కనిపించింది. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, సొంతంగా పట్టుబడ్డవే. అయినా ఇంట్లో నా మాటే ఆఖరు.

శనివారం ఉదయం ఏడుంబావుకి జగ్గయ్యపేట బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాను. నోట్‌బుక్కులో ఏడాది ముహూర్తాలన్నీ రాసుకున్నాను. ఆషాఢం, మూఢం కొట్టేశాను. మాఘ ఫాల్గుణాలు ఎర్ర సిరాతో నింపాను.

చిల్లకల్లు దాటేసరికి పక్క వరసలో కూర్చున్న ఒక టీచరుగారి ఒళ్లోంచి పెళ్లి కార్డుల కట్ట జారింది. తీసిస్తూ తేదీ చూశాను. సరిగ్గా నేను కొట్టేసిన రోజు.

"ఇది ఆషాఢం కదమ్మా?" అన్నాను.

"మాకు ఆషాఢమేంటి అన్నయ్యగారూ? పాస్టరుగారికి వీలవ్వాలి, హాలు దొరకాలి, పిల్లాడికి సెలవుండాలి. అంతే."

"మరి ఫాల్గుణంలో చేస్తారుగా?"

"అప్పుడు మాకు లెంట్ కదండీ. ఈస్టర్ ముందు నలభై రోజులు మా ఇళ్లల్లో పెళ్లి మాటే ఎత్తం."

మా వైపు ఊళ్లలో చర్చికి వెళ్లే ఇళ్లు చాలానే ఉన్నాయి. చిన్నప్పటినుంచీ వాళ్ల పెళ్లిళ్లలో భోంచేసినవాణ్ణే. నోట్‌బుక్కు ముందు కూర్చున్నప్పుడు మాత్రం పంచాంగం తప్ప నాకేమీ గుర్తు రాలేదు.

ఎనిమిదీ పదికి నందిగామలో దిగాను. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తింటూ లెక్క తిరగేశాను. కొట్టేసిన నెలలు లేచి కూర్చున్నాయి, ఎర్ర సిరా నెలలు సగానికి పడ్డాయి. మొత్తం మీద పెళ్లిళ్లు తగ్గలేదు. ధైర్యం వచ్చింది.

వెంకయ్యగారి కొట్టు అక్కణ్ణుంచి పది నిమిషాల నడక. ఆయన స్టూలు మీద కూర్చుని కుర్చీలకు నంబర్లు వేస్తున్నారు. నా పేజీ చూపించాను. ఆయన కళ్లజోడు తీసి నవ్వారు.

"పెళ్లిళ్లు లెక్కేసారు, బానే ఉంది. మంచి ముహూర్తం వస్తే ఒకే రోజు నలుగురొస్తారండి. నా దగ్గరున్నది ఒక్క సెట్టు. ముగ్గుర్ని పొమ్మంటా."

"అయితే చర్చి పెళ్లిళ్లే మేలా?"

"అవి తలో రోజు పడతాయి, నిజమే. కానీ ఇప్పుడు చాలామంది హాళ్లకి పోతున్నారు. కుర్చీలు వాళ్లవే."

"మరి ఇన్నాళ్లు ఎలా నడిపారండీ?"

"సావులు, ప్రార్థన కూటాలు, ఓణీల ఫంక్షన్లు. అవి మీ పేజీలో లేవు."

ఎందుకమ్ముతున్నారని అడిగాను. మోకాళ్ల నెప్పులన్నారు. నేను బయల్దేరేటప్పుడు మాత్రం చకచకా నడిచి రోడ్డు దాకా వచ్చి సాగనంపారు.

పదకొండున్నర బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఇలా వ్యాపారం చూడబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: కొట్టు దగ్గర ఒక పూట కాదు, ఒక వారం కూర్చోండి. నేను కూర్చోలేదు.

దారిలో సత్యం ఫోన్ చేశాడు.

"ఏం తేల్చావ్ బావా? కాగితం ఇవ్వనా?"

"ఇవ్వకు," అన్నాను.

"ఎందుకని?"

లెక్క అటూ ఇటూ తేలలేదు, చూపడానికి కారణమూ లేదు. ఆ మాటే చెప్పాను. వాడు వాదిస్తాడని, అలుగుతాడని ఎదురుచూశాను.

"సరేలే బావా," అన్నాడు వెంటనే, గొంతు తేలికపడి. "రేపు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నా, అక్కకి చెప్పు."

ఈ వ్యాపారం చేయాలని వాడు ఎన్నడైనా నిజంగా అనుకున్నాడా, లేక ఎవరో ఒకరు వద్దంటారన్న ధైర్యంతోనే ఆలోచనలు తెస్తున్నాడా? జగ్గయ్యపేటలో దిగేదాకా ఆ ఒక్కటీ నాకు తేలలేదు.